బ్యూగిల్ వాటా

తుపాకీ గొట్టం బండికొట్టం తలుపు సందులోకి దూరేసరికి వీధిలో జట్కా వచ్చి ఆగింది. అది ఆగీ ఆగకముందే డిటెక్టివ్ కరుణాకర్ కిందికి దూకాడు.

"ఆగండి ఈశ్వరప్పగారూ! కాల్చకండి!"

సబ్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరప్ప తుపాకీ దించలేదు. తల మాత్రం తిప్పి చూశాడు.

"వచ్చినారా డిటెక్టివ్ సార్! మదనపల్లెలో పిచ్చికుక్కను చంపేదానికి గూడా మీ పర్మిషన్ కావాల్నా? మదరాసు సీఐడీలో చేసి మానుకున్నోళ్ళు, ఇంట్లో హాయిగా కూర్చోరాదా?"

కొట్టంలో ఉన్న కుక్క పేరు బ్యూగిల్. బీగిల్ జాతి వేటకుక్క. కుప్పం పక్కన మకాం పెట్టిన గనుల దొర ఒకడు కిందటేడు సీమకు తిరిగిపోతూ దాన్ని మిషన్ స్కూల్లో డ్రిల్లు మాష్టారుగా చేసి రిటైరైన పరంజ్యోతికి అప్పగించిపోయాడు. మూడు రంగుల ఒళ్ళు, చెంపల మీదికి వేలాడే చెవులు, బూర ఊదినట్టు సాగదీసే అరుపు. ఆ అరుపు వినే మాష్టారు దానికా పేరు పెట్టారు. ఆ మాష్టారు మొన్న బుధవారం పోయారు. గుక్కెడు నీళ్ళు మింగలేక, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతూ, గాలిలో ఏవో ఏరుకుంటూ పోయారు. చూసిన డాక్టరు కుక్కకాటు జబ్బేనని తేల్చేశాడు. దానికి తగ్గట్టు, అంతకు కొద్దిరోజుల ముందే బ్యూగిల్ మాష్టారి ఒక్కగానొక్క కూతురు విమల చెయ్యి కరిచింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఈ మధ్యాహ్నం బస్సులో కుప్పం పోయి, అక్కడ రైలు పట్టుకుని కూనూరు ఆసుపత్రి చేరి, పొట్టలో సూదులు పొడిపించుకోవాలి. పొడిపించుకున్నా బతుకుతానన్న ఆశ ఆ పిల్ల మొహంలో మచ్చుకైనా లేదు. తండ్రి పోయిన తీరు కళ్ళారా చూసింది మరి!

కరుణాకర్‌ని లోలోపల తొలిచేస్తున్నది వేరే ఉంది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, మాష్టారి భార్య అన్నమ్మ చర్చి మెట్ల మీద అతన్ని నిలబెట్టి అడిగింది. కుక్క ఊరికే తల విదిలిస్తోంది, బిడ్డను కరిచింది, ఏం చెయ్యమంటావన్నా అని. అతను బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తలెత్తకుండానే ఏదో చెప్పి చక్కా పోయాడు. రెండు వీధుల అవతల ఇల్లు. వచ్చి ఒక్కసారి ఆ కుక్కను చూసి ఉంటే ఏం పోయేది? స్నేహితుడి శవపేటిక మీద మన్ను వేస్తున్నప్పుడు ఆ ప్రశ్న గొంతులో ఎముకలా అడ్డం పడింది. ఇప్పటికీ దిగలేదు. అందుకే తెల్లవారీ వారకముందే పుంగనూరు పోయి, పశువుల డాక్టరు మహబూబ్ బాషాను నిద్రలేపి తీసుకొచ్చాడు.

"ఒక్క పూట గడువివ్వండి. ఇది పిచ్చికుక్క కాదని తేలితే ఆ పిల్ల ప్రాణం కుదుటపడుతుంది. మీరు కాల్చి పారేస్తే జన్మంతా ఆ అమ్మాయి చావు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూనే బతకాలి."

"ఇంకొకణ్ణి కరిస్తే?"

"జవాబుదారీ నాది."

"మాటలు వద్దప్పా." ఈశ్వరప్ప తుపాకీ కిందికి దించి, తలుపు గొళ్ళెం లాగాడు. "మీరే ముందు లోపలికి పోండి. మీ జవాబుదారీ ఎంతమాత్రమో నేను ఈణ్ణించే సూస్తాను."

కరుణాకర్ లోపలికి నడిచాడు. వెనకాలే మహబూబ్ బాషా.

కుక్క గడ్డివామి పక్కన పడుకుని ఉంది. లేచి తోక ఊపింది. రెండడుగులు వేసి, తల ఒక పక్కకు వాల్చి, చెవులు టపటప కొట్టుకునేలా విదిలించింది. బయట కానిస్టేబులు "అమ్మో!" అని వెనక్కి జరిగాడు.

మహబూబ్ బాషా గుడ్డపీలికతో దాని మూతి చుట్టూ ఒడుపుగా ముడివేసి, కుడిచెవి పైకెత్తాడు. గుప్పున కంపు కొట్టింది. చెవిలోపల ఎర్రగా వాచి, కాఫీగసిలాంటి మడ్డి కారుతోంది.

"అల్లా! ఇదీ సంగతి." డాక్టరు మొహం మాడిపోయింది. "చెవిపోటు సాబ్. ఈ జాతికి ఇది మామూలే. చెవి మూతేసినట్ల వేలాడతాది, లోపల గాలి ఆడదు. స్నానం చేయించి తుడవకుంటే చెమ్మ నిలిచి కుళ్ళిపోతాది. ఆ నొప్పికే తల విదిలిస్తాండాది. ముట్టుకుంటే మనుషులైనా కరుస్తారు."

"విమల చెవి ముట్టుకుందా?"

జవాబు కొట్టం కిటికీలోంచి వచ్చింది. విమల బయట ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. చేతికి కట్టు.

"చెవిలో పురుగేమన్నా దూరిందేమోనని వేలు పెట్టి చూసినాను మామా. అప్పుడే కరిచింది. కరిచి, మళ్ళా తానే వచ్చి నా కాళ్ళ కాడ పొర్లింది."

మహబూబ్ బాషా మూతికట్టు విప్పి, మట్టిమూకుడులో నీళ్ళు పోశాడు. బ్యూగిల్ మూకుడు అడుగు నాకేసి, ఇంకా కావాలన్నట్టు చూసింది. రొట్టెముక్క వేస్తే నమలకుండానే మింగేసింది.

"చూసినారా ఇన్‌స్పెక్టర్ సాబ్? పిచ్చి ముదిరిన కుక్కకు గొంతు పడిపోతాది. ఇది మూకుడు గూడా మింగేటట్లుండాది."

ఈశ్వరప్ప గుమ్మం దాటలేదు. అయినా మనిషి తెలివితక్కువవాడు కాదు. ప్రశ్న సూటిగానే వేశాడు.

"సరే సామీ. మంగళవారం సాయంత్రం ఇది గోడలకు గుద్దుకున్నింది, నీళ్ళు పెడితే మూతి తిప్పుకున్నింది, గొంతు బొంగురుపోయింది. వీధివీధంతా సూసినారు. అదీ చెవిపోటేనా?"

కరుణాకర్ అందుకున్నాడు.

"నేనూ ఒకటడుగుతాను. పిచ్చి పట్టిన కుక్క మంగళవారం పడిపోయి, శనివారానికి లేచి రొట్టె తింటుందా?"

"తినదు," అన్నాడు డాక్టరు. "చస్తాది. కోలుకునేదే లేదు."

"ఆ జబ్బు మనిషికి బయటపడాలంటే కరిచాక వారాలు పడుతుంది. మాష్టార్ని అది ఎప్పుడు కరిచింది?"

"కరవనక్కర్లేదు. చేతులు నాకుతాండె. ఆయప్పకు చేతిమీద గాయమేదన్నా ఉండిండొచ్చు," అన్నాడు ఈశ్వరప్ప.

"ఉండిండొచ్చు! ఉండొచ్చనే మాట మీద మనిషిని పూడ్చేశారు, కుక్కను కాల్చబోయారు."

"మరి మీరేం చేసినారప్పా? మీ దోస్తే కదా? ఆయప్ప ఒళ్ళు తెలీకుండా పడుండినప్పుడు ఒక మాట అడిగినారా?"

చెంప ఛెళ్ళుమన్నట్టయింది కరుణాకర్‌కి. నిజమే, అడగలేదు. మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసి వచ్చేశాడు. అతను కిటికీ దగ్గరికి నడిచాడు.

"విమలా, మంగళవారం బ్యూగిల్ ఎట్లా ఉందో నీ కంటికి కనబడింది కనబడినట్టు చెప్పు."

"తాగినోడి మాదిరి తూలతా ఉండె మామా. నాలుక ఎండిపోయి గరుగ్గా ఉండె. కండ్లు..." ఆమె బ్యూగిల్‌కేసి చూసింది. "కండ్లు మొత్తం నల్లగా అయిపోయినాయి. గోధుమరంగు కండ్లు కదా దానివి, ఆ రంగే కనపడలేదు. నాన్న కండ్లు గూడా అట్లనే అయినాయి. పట్టపగలు, వాకిట్లో ఎండ. అయినా కంటిపాప అంత పెద్దగా విచ్చుకొని ఉండె."

కరుణాకర్ ఊచ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. ఎండిన నోరు, విచ్చుకున్న కంటిపాప, గాలిలో ఏరుకునే వేళ్ళు! సీఐడీలో ఉన్న రోజుల్లో ఇవే ఆనవాళ్ళు రైలుపెట్టెల్లో ఎన్నిసార్లు చూశాడు! ప్రయాణికులకు మిఠాయి పెట్టి, వాళ్ళు ఒళ్ళు మరిచాక మూటలు కాజేసే ముఠాల పని. ఆ మిఠాయిలో కలిపేది ఉమ్మెత్త గింజల పొడి.

మంచం పక్కన నిలబడ్డ రోజున ఆ కళ్ళు తనూ చూశాడు. చూసి కూడా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. ఛీ! ఇంతకాలం వెలగబెట్టిన ఉద్యోగం ఎందుకు తగలెయ్యనా!

"ఆ సాయంత్రం మీ నాన్న, బ్యూగిల్ ఇద్దరూ తిన్నదేమిటి?"

"నువ్వుల ఉండలు. నువ్వులు దంచింది నేనే, ఉండలు కట్టింది అమ్మ. కానీ అవి మేం గూడా తిన్నాం మామా. మాకేం కాలేదే!"

"బ్యూగిల్‌కి ఎవరు పెట్టారు?"

"నాన్నే. నన్ను కరిచినప్పటినుంచి అమ్మ దాని జోలికే పోదు. దాని వాటా ఎప్పుడూ నాన్న చేతికే ఇస్తాది. కొట్టం కాడికి తీసుకుపోయి నాన్న పెట్టినాడు."

"వాటా అంటే ఎంత?"

"ఒక పెద్ద ఉండ. కానీ నాన్న దానికి మొత్తం పెట్టడు. చిన్న ముక్క విరిచి పెట్టి, మిగిలింది తానే తినేస్తాడు. డాక్టరుగారు అట్లనే చెప్పినారంట."

మహబూబ్ బాషా తల పట్టుకున్నాడు.

"నేనే చెప్పినా సాబ్! పోయిన నెల పుంగనూరు తీసుకొచ్చినాడు మాష్టారు. పీపా మాదిరి ఉండాది, నడుమే కనపడలేదు. ఈ జాతికి కడుపు నిండిందని తెలీదు, పెట్టింది పెట్టినట్ల మింగతాది, గుండె ఆగి చస్తాది, మీరు పెట్టేదాంట్లో కాలువంతే పెట్టండి అని గట్టిగా చెప్పినా. ఒళ్ళు చూసినా గానీ ఆ చెవి ఎత్తి చూళ్ళేదు. చూసుంటే ఆ రోజే తుడిచి మందేసి పంపుదును."

మాష్టారు డ్రిల్లు మనిషి. ఎడమకాలు ముందంటే ఎడమకాలే. డాక్టరు కాలువంతంటే కాలువంతే. పైగా బెల్లం దొరకడమే గగనమైన రేషను రోజుల్లో చేతిలో మిగిలిన తీపి మట్టిలో పారేసే మనిషి కాదాయన. కుక్క దక్కిందీ, మాష్టారు దక్కనిదీ ఆ లెక్కలోనే.

కరుణాకర్ పెరటివైపు పరుగులాంటి నడకతో పోయాడు. ఈశ్వరప్ప అనుమానంగా వెంట వచ్చాడు. వంటింటి వెనక బూడిదకుప్ప, దాని పక్కన ప్రహరీగోడ. గోడవారన ఉమ్మెత్త మొక్క ఏపుగా పెరిగి ఉంది. చాలా కాడలకు కాయలున్నాయి. రెండు కాడలు మాత్రం ఒట్టిగా ఉన్నాయి, తుంచిన చోట ఎండి నల్లబడ్డాయి. కరుణాకర్ పుల్లతో బూడిద కెలికాడు. సగం కాలిన ఉమ్మెత్త కాయల ముళ్ళ తొక్కలు బయటపడ్డాయి. గింజలు లేవు. పెరటి సన్నికల్లు కడిగే ఉంది గానీ, రాతి గంటు సందుల్లో పసుపుపచ్చని పలుకులు రెండు ఇరుక్కుని ఉన్నాయి. గోటితో పైకి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"మిరపగింజలు," అన్నాడు ఈశ్వరప్ప.

"కొరికి చూస్తారా?"

ఈశ్వరప్ప కొరకలేదు. తొక్కలకేసి, గింజలకేసి, మొక్కకేసి చూశాడు. అతని మొహంలో ఎగతాళి ఇంకిపోయి, పోలీసుతనం పైకొచ్చింది.

"బలే పని చేసినారు డిటెక్టివ్ సార్. నేను కుక్కచావుతో ముగించేదాన్ని మీరు హత్య చేసి చేతిలో పెట్టినారు." కానిస్టేబులు వైపు తిరిగాడు. "పోయి ఇద్దరు పెద్దమనుషుల్ని పిలుచుకురా, పంచనామా రాయాల. ఆ పిల్లను బస్సెక్కనీయొద్దు. నువ్వులు దంచింది నేనేనని నోటితోనే చెప్పింది కదా. ఆ పిల్లతోనే మొదలు పెడదాం."

పిచ్చికుక్క భయం నుంచి తప్పించబోయి, ఆ పిల్లను కరుణాకర్ తనే తీసుకొచ్చి స్టేషను మెట్ల దగ్గర నిలబెట్టాడు.

కానీ విషం అందరూ తిన్న ఉండల్లో లేదు. ఒక్కదాంట్లో, కుక్క వాటాలో మాత్రమే ఉంది. కలిపినవాళ్ళు చంపాలనుకున్నది మాష్టార్ని కాదు. ఆ ఉండ మాష్టారి చేతిలో పెట్టింది ఎవరో ఇప్పుడు ఎవర్నీ అడగనక్కర్లేదు. అతనికి ఒక్కసారిగా చర్చి మెట్లు గుర్తొచ్చాయి. బూట్ల తాళ్ళు గుర్తొచ్చాయి. తను చెప్పిన జవాబు మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

వంటింట్లో అన్నమ్మ ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో విమల ప్రయాణానికి కట్టిన చపాతీల మూట.

"గింజలు దొరికినాయా అన్నా?" అంది తలెత్తకుండానే.

"దొరికాయమ్మా."

"సన్నికల్లు రెండుసార్లు కడిగినాను." ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసింది. "ఆయనకు చెప్పుంటే చంపనిచ్చేవాడు కాదు. దాన్ని కన్నబిడ్డ మాదిరి చూసుకొనె. నాకు మాత్రం కన్నబిడ్డ ఒకటే కదన్నా. మళ్ళా కరిస్తే నా విమల ఏమైపోవాల? అందుకే ఒక్క ఉండలో కలిపి, నీ కొడుక్కి పెట్టుకోపో అని ఆయన చేతికే ఇచ్చినాను. అది చచ్చేది సూడలేక లోపలికొచ్చి తలుపేసుకున్నాను. బయటికొచ్చేసరికి ఆయన మీసానికి నువ్వులు అంటుకొని ఉండె. నవ్వతా చెప్పినాడు, దానికి ఇంత చాలంట అన్నమ్మా, మిగిలింది నేనే తినేసినా అని."

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా? వెంటనే కక్కించి ఉంటే..."

"బతికేవాడు. తెలుసు. నోరు రాలేదన్నా! కొంచెమే కదా, ఏమీ కాదులే అని ప్రార్థన చేసుకుంటా కూర్చున్నాను. ఆయన మాటలు తప్పినాక చెప్పాలనుకుంటే, డాక్టరు వచ్చి కుక్కకాటు జబ్బన్నాడు. ఇంగ నేనూ జైలుకు పోతే బిడ్డకు ఎవరుండారని నోరు మూసుకున్నాను. ఆయన నీళ్ళు నీళ్ళని అడగతా ఉంటే, తడిగుడ్డ పెదాలకు అద్దతా ఈ చేతులతోనే కూర్చున్నాను. ప్రభువు క్షమించినా నేను క్షమించుకోలేను."

కరుణాకర్ ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"చర్చి దగ్గర నన్నడిగావు కదమ్మా. నేనేం చెప్పాను?"

అన్నమ్మ మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"నీకు గుర్తు గూడా లేదా అన్నా? పిచ్చి పట్టినట్లుండాది, నాన్చొద్దు, ఎవరికీ తెలీకుండా ఏదో ఒకటి పెట్టి పని ముగించెయ్ అంటివి. నువ్వు పెద్ద పోలీసువి కదా. నీకు తెలీకుండా చెప్తావా అనుకుంటిని."

కరుణాకర్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది.

కొట్టంలోంచి బ్యూగిల్ బూర ఊదినట్టు అరిచింది. మాష్టారు పోయాక ఆ అరుపు ఇదే మొదలు. వెంటనే వాకిలి తలుపు తోసుకుంటూ విమల పరుగెత్తుకొచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఆ పిల్ల మొహంలో నెత్తురు కనబడింది.

"అమ్మా! బ్యూగిల్‌కి పిచ్చి లేదంట! ఒట్టి చెవిపోటేనంట! నేను చచ్చిపోనమ్మా, కూనూరు గూడా పోనక్కర్లేదంట!"

తల్లి మొహం చూసి ఆగిపోయింది. కరుణాకర్ మొహం చూసింది. చేతులు మెల్లగా కిందికి జారాయి.

"ఏమైంది మామా?"

ఆమె వెనకే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఈశ్వరప్ప కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అమ్మాయీ, ఇట్ల రా. నువ్వులు దంచిన కాణ్ణించి మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పాల."

అన్నమ్మ ఒళ్ళోని మూట పక్కన పెట్టి లేవబోయింది. కరుణాకర్ చెయ్యి అడ్డం పెట్టి, తనే లేచి విమలకూ సబ్ ఇన్‌స్పెక్టరుకూ మధ్య నిలబడ్డాడు.

"మొదలు అక్కడ కాదు ఈశ్వరప్పగారూ, ఆదివారం చర్చి మెట్ల దగ్గర. ఆ మెట్ల మీద ఒకడు బూట్లు తొడుక్కుంటూ విషం పెట్టమని సలహా చెప్పాడు. ముందు వాడి వాంగ్మూలం రాసుకోండి."

"ఎవడప్పా వాడు?"

విమల కళ్ళార్పకుండా చూస్తోంది. కరుణాకర్ ఆ పిల్లకేసి చూసే ధైర్యం చాలక, కాగితంకేసి చూస్తూ తన పేరు చెప్పాడు.